ఆఖరి పెట్టె పైడిరాజు

పైడిరాజు వెనకాల నడిచిన మనిషి ఇంతవరకూ పుట్టలేదు. మీరు నడుద్దామని చూసినా ఆయన నడవనివ్వడు. మీరు ఆగితే ఆయనా ఆగుతాడు. చెప్పు తెగిందని మీరు వంగితే వాచీ చూసుకుంటూ మీ వెనకే నిలబడతాడు. గుడికెళ్ళినా, పేరంటానికి భార్యని దింపడానికెళ్ళినా, ఆఖరికి సొంత ఇంట్లో వంటగదిలోంచి వరండాలోకి వచ్చినా సరే, అందరూ వచ్చేశాక చివర వచ్చేది ఆయనే. ముప్ఫై నాలుగేళ్ళు గూడ్సు బండికి గార్డుగా చేశాడు. అంటే బిలాస్‌పూర్ నుంచి వెళ్ళిన బొగ్గుబళ్ళన్నిటినీ ఆఖరి పెట్టెలో కూర్చుని వెనకనుంచే చూశాడు. రిటైరైన రోజు దండ వేసి, శాలువా కప్పి, ఆ ఊళ్ళోనే తార్‌బహార్ పేటలో ఇంటి ముందు జీపులోంచి దింపారు. మనిషైతే దిగాడు గానీ ఆ పెట్టె మాత్రం ఆయన్నించి ఊడలేదు.

ఈ జబ్బు ఉద్యోగం వదిలాక వచ్చింది కాదు, పట్టుకున్న రోజే వచ్చింది అంటుంది భార్య ఉషారాణి. పార్వతీపురంలో పెళ్ళి. అగ్నిహోత్రం చుట్టూ తిరిగేటప్పుడు పెళ్ళికొడుకు ముందు నడవాలని పంతులుగారు, పెళ్ళికూతుర్ని ముందు పంపితేగాని తాను కదలనని ఈయన. పంతులుగారు శాస్త్రం చెప్పారు, ఈయన రూలు చెప్పాడు. ముహూర్తం దాటిపోతోందని మావగారు చేతులు జోడించాక గానీ బండి కదల్లేదట.

"నా ఎనకాల నడిసే మొగుడు దొరికేడని మా అమ్మ మురిసిపోనాది," అంటుంది ఉషారాణి. "దొరికినోడు మొగుడు కాదు, గార్డని కాపరానికొచ్చేక తెలిసింది."

రైలుకి చివర తగిలించే ఎల్వీ బోర్డు ఉంటుంది కదా, ఇదే ఆఖరి పెట్టె, దీని తరవాత ఇంకేమీ లేదు అని చెప్పే బోర్డు. అలాంటిదే ఒక రేకు మీద రాయించి స్కూటరు వెనక తగిలించాడు. తిఫ్రా దగ్గర ట్రాఫిక్ పోలీసు ఆపి, ఇదేమిటి చాచా అన్నాడు. ఆఖరి బండి అన్నాడు పైడిరాజు. నీ వెనకాల ట్రక్కు వస్తోంది కదా, నువ్వు ఆఖరెలా అయ్యావు అన్నాడు పోలీసు. అది వేరే బండి, దాని సంగతి దాని గార్డుని అడుగు అన్నాడు ఈయన. పోలీసు కాసేపు ఆలోచించి, చలానా రాయడానికి ఏ సెక్షనూ దొరక్క వదిలేశాడు.

ఇంకో ముచ్చట. పెన్షన్ తీసుకునేవాళ్ళు ఏడాదికోసారి వెళ్ళి, మేం బతికే ఉన్నాం అని సంతకం పెట్టి రావాలి. పైడిరాజు వెళ్ళాడు. లైన్లో వచ్చినవాణ్ణల్లా, మీరు పదండి, మీరు పదండి అని ముందుకి పంపాడు. ఆయన వంతు వచ్చేసరికి కౌంటరు మూసేశారు. మర్నాడూ అంతే. మూడో రోజు అసలు గడువే అయిపోయింది. అలా ఆ నెలంతా గవర్నమెంటు లెక్కలో ఆయన స్వర్గస్థుడు. ఆ స్వర్గస్థుడు రోజూ సాయంత్రం టీ కొట్టు దగ్గరికి వచ్చేవాడు, అందరికన్నా చివర.

ఇప్పుడు అసలు కథకి వద్దాం, అంటే చేపలకి.

చలికాలం నాలుగు నెలలూ, నెలకొక శనివారం, నలుగురు మనుషులు రతన్‌పూర్ దాటి ఖూటాఘాట్ డ్యాంకి వెళ్ళేవారు. అడవిలో నదికి అడ్డంగా కట్ట కడితే నిలిచిన చెరువది. మునిగిన చెట్ల మొద్దులు నీళ్ళ అడుగున ఇంకా అలాగే ఉన్నాయి. ఖూటా అంటే అక్కడి భాషలో మొద్దే. బోట్ల సందడి ఉండే వైపు కాకుండా అవతల, అడవిలో కాలిబాటన నడిచి వెళ్ళే గట్టు మీద వీళ్ళ మకాం. గాలానికి చీటీ రాయించుకుని, టెంటు వేసుకుని, ఒక రాత్రుండి ఆదివారం తిరిగొచ్చేవారు.

ఆ నలుగురిలో పెద్ద గోవిందరావు. రిటైరైన లోకో డ్రైవరు, విజయనగరం మనిషి. అరవై ఆరేళ్ళ వయసులోనూ రోజూ పొద్దున్నే రైల్వే గ్రౌండు చుట్టూ ఎనిమిది రౌండ్లు కొడతాడు. కొట్టానని ఎనభై మందికి చెబుతాడు. రెండోవాడు తిరుమలరావు. బుకింగ్ క్లర్కుగా చేశాడు. చేపలు పట్టడానిక్కూడా ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చే మెత్తటి మనిషి. రెండేళ్ళ కిందట పదిరోజులు ఆస్పత్రిలో ఉండొచ్చాడు. ఏటయిందంటే గ్యాస్ అన్నాడు. గ్యాస్‌కి పదిరోజులేమిటని ఆడవాళ్ళం అడిగాం గానీ మగాళ్ళకి ఆ మాత్రం ఆరా ఎక్కడిది? మూడోవాడు రమణబాబు. బ్యాంకు ఉద్యోగి, కరీంనగర్ నుంచి బదిలీ మీద వచ్చాడు. నలభై నిండని మనిషికి ఈ ముసలాళ్ళతో ఏం పనంటే, బొలెరో ఆయనది, టెంటూ ఆయనదే. నాలుగోవాడు ఎవరో చెప్పక్కర్లేదు, చివర్న ఉన్నాడు.

పైడిరాజుతో అడవిలో నడవడమంటే గూడ్సు బండిలో పెళ్ళికి వెళ్ళడం లాంటిది. ఆయన దగ్గర పాతకాలపు గార్డుల పెట్టె నమూనాలో చేయించుకున్న ఇనప పెట్టె ఒకటుంది. అందులో విజిల్, ఎర్ర జెండా, పచ్చ జెండా, టార్చి, రెండో టార్చి, ఆ రెండూ పోతే లాంతరు, అమృతాంజనం, ఊరగాయ. బొలెరో దిగాక ఆయన అందర్నీ లెక్కపెట్టి, పచ్చ జెండా ఊపి, విజిల్ ఊదితేగాని ఎవరూ కదలకూడదు. కదిలినా, దారిలో మూడుచోట్ల వెనకనుంచి మళ్ళీ విజిల్. బండి ఆగాలి.

ఎందుకంటే తనిఖీ. బండి చక్రాల ఇరుసు వేడెక్కితే ప్రమాదం, దాన్ని హాట్ యాక్సిల్ అంటారు. మనిషికి ఇరుసంటే మోకాలే అని పైడిరాజు సిద్ధాంతం. అందర్నీ నిలబెట్టి, వంగి, ఒక్కొక్కరి మోకాలికీ మడిచిన వేళ్ళు ఆనించి చూసేవాడు. రమణబాబు మోకాలు చల్లన. తిరుమలరావు మోకాలు చల్లన. గోవిందరావు దగ్గరికొచ్చేసరికి మాత్రం ప్రతిసారీ మొహం గంభీరంగా పెట్టేవాడు.

"ఎడం మోకాలు. హాట్ యాక్సిల్. బండి కదలడానికి లేదు."

"నా మోకాలు నీ బుర్ర కన్నా సల్లగా ఉందిరా," అనేవాడు గోవిందరావు.

"రూలు రూలే డ్రైవరు బాబూ. పది నిమిషాలు కూకోవాలి."

అప్పుడు తిరుమలరావు అక్కడున్న బండరాయి మీద తాను ముందు కూర్చుని, పక్కన చోటు తట్టి, "మోకాలితో పంతమేటిరా గోవిందూ, వయసొచ్చింది మరి. రా, నీకు తోడు నేనూ కూకుంటాను," అనేవాడు. దాంతో గోవిందరావుకి నిజంగానే వేడెక్కేది, మోకాలు కాదు, నెత్తి. పాతిక నిమిషాల నడకకి గంటంబావు. దారిలో ఎదురైన కట్టెలమ్మే ఆడవాళ్ళు కూడా, డోకరాకి, అంటే ముసలాడికి, కాలు నొప్పట పాపం, అని ఛత్తీస్‌గఢీలో జాలిపడి వెళ్ళేవారు. ఎనిమిది రౌండ్ల మనిషికి అదేం మాట!

పోనీ గట్టు చేరాకైనా తిన్నగా ఉంటాడా? అందరూ గాలాలు వేశాక చివర వేస్తాడు. అప్పటికి మంచి చోట్లన్నీ అయిపోయి మొద్దులున్న చోటే మిగులుతుంది. గాలం వెళ్ళి మొద్దుకి పడుతుంది. సాయంత్రం ఉషారాణి ఫోన్ చేసి ఎన్ని చేపలని అడిగేది కాదు. "ఇయాల ఎన్ని మొద్దులు?" అనేది.

మొన్న జనవరిలో గోవిందరావు ఓపిక అడుగంటింది. టీ కొట్టు దగ్గర, పైడిరాజు ఇంకా రాకముందు, అంటే అందరూ వచ్చేశాక, విషయం తేల్చేశాడు. రైల్వేవాళ్ళే కొన్ని గూడ్సు బళ్ళకి గార్డుని తీసేసి చివర ఒక యంత్రం తగిలించి పంపేస్తున్నారు. అంత పెద్ద రైల్వేకి అక్కర్లేని గార్డు నలుగురు మనుషులకి ఎందుకు? ఈసారి ముగ్గురమే వెళ్దాం. బొలెరో రిపేరుకిచ్చాం, ఈ నెల ట్రిప్పు లేదని వాడికి చెబుదాం. రమణబాబు నసిగాడు. తిరుమలరావు బాధపడ్డాడు గానీ, "మరీ నీ మోకాలు పట్టుకుని అల్లరి సేస్తన్నాడులే," అని ఒప్పుకున్నాడు.

శనివారం తెల్లవారుతూనే బొలెరో దొంగలా తార్‌బహార్ సందులు తిరిగి బయల్దేరింది. పైడిరాజు ఇంటి వీధి రాకుండా వేరే దారి పట్టించాడు గోవిందరావు. కానీ పాలపేకెట్టు కోసం ఆ వేరే దారికే పైడిరాజు వస్తాడని ఆయనకేం తెలుసు? మలుపులో మఫ్లరు చుట్టుకుని నిలబడి ఉన్నాడు మహానుభావుడు. రిపేరులో ఉండాల్సిన బొలెరోని చూశాడు. లోపలున్న ముగ్గుర్నీ చూశాడు. చేతిలో జెండా లేదు. అందుకని పచ్చరంగు సంచీ పైకెత్తి, బండి పూర్తిగా దాటేవరకూ ఊపాడు.

"ఏమన్నా అంటే బాగుండును సార్," అన్నాడు రమణబాబు అద్దంలో చూస్తూ.

గోవిందరావు రతన్‌పూర్ దాకా రోడ్డు కేసే చూస్తూ కూర్చున్నాడు. కానీ అడవి దారి దగ్గర దిగేసరికి హుషారొచ్చింది. విజిల్ లేదు, లెక్కింపు లేదు, మోకాలు తడమడం లేదు. రమణబాబు సామాన్లలో సైకిలుకి తగిలించే ఎర్ర దీపం కనిపించింది, మిణుకుమిణుకుమంటూ వెలుగుతుంది. గోవిందరావు అది తీసి, నవ్వుతూ, చివర్న నిలబడ్డ తిరుమలరావు సంచీకి తగిలించాడు. "ఇదిగో మన కొత్త గార్డు. జీతం లేదు, నోరూ లేదు." ముగ్గురూ నవ్వారు. తిరుమలరావు కూడా నవ్వాడు.

ఇంక డ్రైవరు బండి వదిలాడు. ఇప్పచెట్లు దాటాడు, ఎండిన వాగు దాటాడు, ఏటవాలు ఎక్కేశాడు. పాతిక నిమిషాల్లో గట్టు మీదున్నాడు. మంచి చోటు చూసుకుని, పిండిముద్ద గుచ్చి, గాలం వేసి, బెండు నీళ్ళ మీద నిలబడేసరికి ఆయన మనసు కూడా హాయిగా నిలబడింది. వెనకాలే చేరిన రమణబాబు టెంటు విప్పుతూ అటూ ఇటూ చూశాడు.

"తిరుమల్రావు అంకులేడి సార్?"

వస్తాడులే అన్నాడు గోవిందరావు. బెండు కదిలింది, ఆగింది. తిరుమలరావు రాలేదు. పిలిచారు. పలకలేదు. అప్పుడు గాలం అక్కడే ఒగ్గేసి వెనక్కి పరుగెత్తాడు. ఏటవాలుకి కింద ఆకుల సందులోంచి ఎర్రదీపం కనిపించింది. తిరుమలరావు బండరాయి మీద కూర్చుని ఉన్నాడు. ఎడమకాలి బూటు పక్కన పడుంది. ఇస్త్రీ చొక్కా చెమటకి తడిసిపోయింది. వీపు మీద దీపం మాత్రం ఓపిగ్గా వెలిగి ఆరుతోంది.

"ఏటయింది రా?"

"ఏటీ లేదు. కాలు మాట ఇనడం లేదు." తిరుమలరావు పాదం కేసి చూసుకున్నాడు. "అప్పుడు గ్యాస్ కాదురా, పక్షవాతం. సిన్నదేలే, తగ్గిపోనాదనుకున్నాను. రెండేళ్ళుగా మీతో సమానంగానే నడిసేను కదా? ఏ రోజన్నా ఎనకబడ్డానా, నువ్వే సెప్పు. ఒక్క నెల్లో ఇలాగైపోనాది."

గోవిందరావు వంగి ఆ బూటు తీసి అందించాడు.

"డాక్టరు ఎప్పుడో వద్దన్నాడు. నెలకోపాలి ఈ నీళ్ళ పక్కన కూకుంటే నేనింకా మనిషినే అనిపిస్తాదని వచ్చేవోణ్ణి. ఇంక సాలు. ఇదే ఆఖరు. నా గాలం రమణబాబు ఉంచుకుంటాడు."

గోవిందరావు ఏదో ధైర్యం చెబుదామని ఆ పక్కన చతికిలబడబోయి ఆగిపోయాడు. ఆ బండరాయి ఆయనకి తెలుసు. నెలనెలా తన మోకాలు వేడెక్కేది సరిగ్గా ఇక్కడే, ఏటవాలుకి ముందు. దీనికి ముందొకసారి వాగు దగ్గర, చదునుగా రాయి ఉన్నచోట. దానికి ముందు ఇప్పచెట్టు నీడలో. టైంటేబుల్ వేసినట్టు అక్కడే, ఆ వేళకే. వేడెక్కింది ప్రతిసారీ తన మోకాలు, ముందు కూర్చున్నది ప్రతిసారీ తిరుమలరావు. ముప్ఫై ఏళ్ళు ఇంజను నడిపినవాడికి రెండేళ్ళుగా తన వెనకేం జరుగుతోందో తెలియలేదు.

నెమ్మదిగా ఆ ఎర్రదీపం ఊడదీసి, ఆర్పి, జేబులో వేసుకున్నాడు.

"నువ్వేటీ పాడవలేదు. గార్డు లేడు కదాని నేనే స్పీడు పెంచేశాను. లే, నెమ్మదిగా పోదాం," అన్నాడు. తిరుమలరావు నమ్మలేదు. ఆ రోజు చేపలు కూడా ఒక్కటీ నమ్మలేదు. చీకటి పడకముందే టెంటు విప్పేసి ఇంటికొచ్చేశారు.

సోమవారం పొద్దున్న గోవిందరావు పైడిరాజు ఇంటికెళ్ళాడు. పైడిరాజు వరండాలో కూర్చుని ఇనప పెట్టెకి రంగు వేస్తున్నాడు. బొలెరో బాగయిందా అని అడగలేదు. కుర్చీ చూపించాడు. గోవిందరావు కూర్చున్నాక తాను కూర్చున్నాడు.

"మోకాలు వేడెక్కుతోందిరా," అన్నాడు గోవిందరావు.

పైడిరాజు కుంచె డబ్బాలో పెట్టాడు. "ఎప్పట్నించి?"

"రెండేళ్ళ నించి. నాకే నిన్నగాక మొన్న తెలిసింది."

పైడిరాజు పెట్టె మీద కారిన రంగు వేలితో తుడిచాడు. "అంతమందిలో నా మోకాలే దొరికిందేటి నీకు?" అన్నాడు గోవిందరావు.

"రమణబాబు కుర్రోడు, ఎవులూ నమ్మరు. నాదంటే నన్ను ఇంటికాడే ఉండమంటావు. నీదైతే నువ్వు దెబ్బలాడతావు. దెబ్బలాట అయ్యేసరికి పది నిమిషాలు సులువుగా గడిసిపోతాయి."

"మరి తిరుమలకి తెలుసా?"

"తెలిస్తే వస్తాడేటి?" అని పైడిరాజు మళ్ళీ కుంచె తీసుకున్నాడు. "కానీ గార్డుని తీసేసిన బండికి మళ్ళీ గార్డుని వెయ్యాలంటే నోటి మాట పనికిరాదు. మెమో ఇవ్వాలి."

గోవిందరావు తిట్టాడు, బతిమాలాడు. లాభం లేకపోయింది. చివరికి ఉషారాణి తెచ్చిచ్చిన క్యాలెండరు కాగితం వెనక రాసిచ్చాడు: డ్రైవరు గోవిందరావు ఎడమ మోకాలు తరచు వేడెక్కుచున్నది కావున గార్డు లేనిదే బండి కదలరాదు. పైడిరాజు అది రెండుసార్లు చదివి, తారీకు వెయ్యలేదని వెనక్కిచ్చాడు.

మీ ఆయన ఇంత మంచివాడని తెలీదమ్మా అన్నాడు గోవిందరావు వెళ్తూ వెళ్తూ. ఉషారాణి కళ్ళొత్తుకుంటుందేమో అనుకున్నాడు. ఆవిడ అలాంటిదేమీ చెయ్యలేదు.

"మంచోడే. కాదన్నానా? మరి నిన్న మేడమీంచి బట్టలు తెద్దాం రమ్మంటే, నువ్వు ముందు దిగితేగాని నేను దిగనని వానలో నిలబడ్డాడు. అదెవులి మోకాలి కోసమో కూడా అడగండి."

తిరుమలరావుని ఒప్పించే భారం గోవిందరావు మీదే పడింది. ఆయన కర్ర పట్టుకుని, కుంటుకుంటూ, మూడు వీధులు తిరిగి తిరుమలరావు ఇంటికి వెళ్ళాడు. పొద్దున్న ఎనిమిది రౌండ్లు కొట్టిన మనిషి సాయంత్రానికి కుంటడం చూసి మా వీధంతా అరుగుల మీదికి వచ్చింది. నాకు ఇంక బాగా నడక రావడం లేదురా, నువ్వు తోడు రాకపోతే వీళ్ళు నన్ను ట్రిప్పు మానిపించేస్తారు, అని మొర పెట్టుకున్నాడట. తిరుమలరావు చాలాసేపు ఆలోచించి, తన గాలం ఇంకా రమణబాబుకి ఇవ్వలేదులే అన్నాడట.

ఫిబ్రవరి శనివారం అడవి దారి దగ్గర నలుగురూ దిగారు. పైడిరాజు లెక్కపెట్టాడు, మొదట నలుగురొచ్చారు, రూలు ప్రకారం మళ్ళీ లెక్కపెడితే అప్పుడూ నలుగురే. జెండా ఊపాడు, విజిల్ ఊదాడు. ఇప్పచెట్టు దగ్గరికి రాగానే, ఇంకా విజిల్ మోగకముందే గోవిందరావు మోకాలు పట్టుకుని అబ్బా అంటూ కూలబడ్డాడు. పైడిరాజు వచ్చి వేళ్ళు ఆనించి చూసి, తల అడ్డంగా ఊపి, "కుడిది పట్టుకున్నావు. మెమోలో ఎడమది," అని చెవిలో అన్నాడు. గోవిందరావు గబుక్కున చెయ్యి మార్చాడు.

తిరుమలరావు అదేమీ చూడలేదు. సంచీలోంచి సీసా తీస్తున్నాడు. గోవిందు కోసమని పనిగట్టుకుని మందుల కొట్టుకెళ్ళి తెచ్చిన నొప్పుల నూనె. వద్దు వద్దన్నా వినకుండా పాంటు పైకి మడిచి, చక్కగా ఉన్న మోకాలికి పది నిమిషాలు మర్దన చేశాడు. వాగు దగ్గర మళ్ళీ చేశాడు. ఏటవాలు ముందు మళ్ళీ. గట్టు చేరేసరికి గోవిందరావు దగ్గర్నించి వచ్చే వాసనకి ఆ వైపు చేపలన్నీ మొద్దుల కింద దాక్కున్నాయి. అలా దాక్కున్నవాటిలో రెండు కేజీల బొచ్చె ఒకటి తిరుమలరావు గాలానికి పడింది. పైడిరాజుకి ఎప్పట్లాగే మొద్దు పడింది.

మర్నాడు తిరుగుదారిలో గోవిందరావు ముందు కుంటుతూ వెళ్తుంటే, తిరుమలరావు కావాలని వెనకబడి, పైడిరాజు పక్కకి చేరి గొంతు తగ్గించాడు.

"గోవిందు మోకాళ్ళు బాగా దెబ్బతిన్నాయిరా. ఇంక మనమే కాస్త నెమ్మదిగా నడవాలి. వాడి కోసమని వాడికి తెలియనియ్యకు. మొండోడు, తెలిస్తే రాడు."

"అలాగే," అన్నాడు పైడిరాజు గంభీరంగా. తిరుమలరావు నాలుగడుగులు ముందుకి వెళ్ళేదాకా ఆగి, వెనకాల ఇంకెవరూ లేరని ఒకసారి తిరిగి చూసుకుని, అప్పుడు కదిలాడు.